విలీనాల లెక్కల్లో మనమెక్కడ?

చిన్న పార్టీల గురించి మన మహిళా సంఘాలలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. అవి ఓట్లు చీల్చడానికే పుడతాయి, ఎన్నికల ముందు బేరం పెట్టుకుంటాయి, బేరం కుదరగానే పెద్ద పార్టీలో కలిసిపోతాయి, కాబట్టి ఆడవాళ్లు వాటి జెండా మోయడం దండగ అని. స్వచ్ఛంద సంస్థలలో పనిచేసే స్నేహితులు ఈ మాట అంటారు. పెద్ద పార్టీల మహిళా విభాగాలలో ఉన్నవాళ్లు మరీ గట్టిగా అంటారు. ఈ మధ్య మా కాజీపేటలో జరిగిన ఒక సమావేశంలో కాలేజీ చదువుతున్న చెల్లె ఒకామె "పోతే పెద్ద పార్టీలకే పోవాలె అక్కా, లేకుంటే ఇంట్ల కూసోవాలె" అన్నది. ఆమె మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం మనం పట్టించుకోని చరిత్ర.

నా వాదన ఏమిటో ముందే చెబుతాను. తెలంగాణ పోరాటంలో ఆడవాళ్లు రాజకీయాల్లోకి వచ్చిన దారి చాలావరకు చిన్న పార్టీలు, చిన్న వేదికల మీదుగానే సాగింది. పదవులు పంచిపెట్టే శక్తి లేని చోట తలుపులు కాస్త తెరిచి ఉంటాయి. కూర్చోవడానికి కుర్చీయే లేనప్పుడు దాని కోసం తోసుకునే మగవాళ్లు కూడా తక్కువే ఉంటారు గదా! ఆ తలుపులు మూసుకున్నది ఆ పార్టీలు ఓడినప్పుడు కాదు. గెలిచి, బేరమాడి, పెద్ద పార్టీలలో కలిసినప్పుడు. కాబట్టి ఏ పార్టీ చిన్నది, ఏది పెద్దది అనే లెక్క కన్నా, కలిసేటప్పుడు ఎవరిని అడిగి కలిశారన్న లెక్క మనకు ముఖ్యం.

1969 సంగతే తీసుకుందాం. ఆ ఉద్యమం గురించి రాసిన పుస్తకాలలో, పెట్టిన ఫొటోలలో మగ నాయకులే వరుసగా కనిపిస్తారు. కానీ ఆ రోజుల్లో వేదికల మీద గట్టిగా వినిపించిన రెండు ఆడగొంతులు ఎవరివి? ఒకటి టి.ఎన్. సదాలక్ష్మిది, రెండోది జె. ఈశ్వరీబాయిది. ఇద్దరూ దళిత స్త్రీలు. సదాలక్ష్మి కాంగ్రెస్‌లో మంత్రిగా చేసినావిడ, 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకర్ అయిన మొదటి మహిళ. ఆమె బతుకు కథను గోగు శ్యామల పుస్తకంగా తెచ్చేదాకా మనలో చాలామందికి ఆ పేరే సరిగ్గా తెలియదు. ఈశ్వరీబాయి దారి వేరు. ఆమె ఏ పెద్ద పార్టీ నీడలోనూ ఎదగలేదు. సికింద్రాబాద్ చిలకలగూడ నుంచి కౌన్సిలర్ అయింది. అంబేడ్కర్ ఆలోచన నుంచి వచ్చిన రిపబ్లికన్ పార్టీలో పనిచేసింది. ఆ పార్టీ ఈ రాష్ట్రంలో ఎంత చిన్నదో చెప్పనక్కరలేదు. అయినా ఆమె 1967లో, మళ్లీ 1972లో నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు గెలిచింది. 1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవంగా తగలబెట్టినప్పుడు శాసనసభలో ప్రభుత్వాన్ని నిలదీసిన గొంతు ఆమెది. పెద్ద పార్టీలో ఉంటే విప్ ఉంటుంది, అధిష్ఠానం ఉంటుంది, "ఇప్పుడు కాదమ్మా" అనే పెద్దమనుషులు ఉంటారు. చిన్న పార్టీలో ఉన్న ఈశ్వరీబాయికి ఆ అడ్డం లేకపోయింది. ఆ స్వేచ్ఛకు ఆమె చెల్లించిన మూల్యం వేరే, మంత్రి పదవులు ఆమె దాకా రాలేదు.

తెలంగాణ ప్రజా సమితి కూడా పుట్టినప్పుడు చిన్నదే. 1969 మొదట్లో మదన్‌మోహన్ వంటి న్యాయవాదులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి నిలబెట్టిన వేదిక అది. మే నెలలో మర్రి చెన్నారెడ్డి వచ్చి పగ్గాలు పట్టుకున్నాడు. 369 మంది చనిపోయారని ఉద్యమం చెప్పుకునే లెక్క. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణలోని 14 స్థానాలలో 10 స్థానాలు ప్రజా సమితి గెలిచింది. దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీస్తున్న సంవత్సరంలో ఇది చిన్న విషయం కాదు. ఆ పది మందినీ గెలిపించిన ఓట్లలో సగం ఆడవాళ్లవని లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు.

మరి ఆర్నెల్లు తిరిగేసరికి ఏమైంది? 1971 సెప్టెంబరులో ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బ్రహ్మానందరెడ్డి దిగాడు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యాడు. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. 1978లో చెన్నారెడ్డే ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ బేరంలో ఎవరికి ఏం దక్కిందో వరుసగా చెప్పవచ్చు. ఉద్యోగులకు కొంత, విద్యార్థులకు కొంత, నాయకులకు బాగానే. జైళ్ల చుట్టూ తిరిగిన తల్లులకు, కొడుకులను పోగొట్టుకున్న అమ్మలకు, ఊరేగింపులలో లాఠీలు తిన్న ఆడపిల్లలకు ఆ కాగితాలలో ఒక్క వాక్యమైనా లేదు. వాళ్లను ఎవరూ మోసం చేయాలనుకోలేదేమో కూడా. వాళ్లు ఒక పక్షమని ఎవరికీ తోచలేదు, అంతే. మోసం కన్నా ఇది పెద్ద సమస్య. విలీనం వద్దని తెగించి నిలబడ్డ కొందరు సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరుతో 1972 ఎన్నికలకు పోయి ఒక్క స్థానంతో మిగిలారు. వాళ్లను ఓట్లు చీల్చేవాళ్లనే అన్నారు అప్పుడు కూడా.

దీనికి ముందు చరిత్ర మనకు కొంత నయంగా తెలుసు. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగినప్పుడు దాని పక్కనే మహిళా సభ కూడా జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించింది. పక్కనే అన్న మాటను గమనించండి. సాయుధ పోరాటం నాటి ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చింది కాబట్టి, 1951లో పోరాటం విరమించాక వాళ్లను ఇళ్లకు పొమ్మన్న తీరు మనం చదువుకోగలిగాం. పాలకుర్తి ఐలమ్మ పేరు ఇప్పుడు హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఉంది. సంతోషమే. ఆమె విగ్రహానికి దండ వేయని పార్టీ ఈ రాష్ట్రంలో లేదు. దండలకు బి-ఫారాలు అక్కరలేదు గదా!

తొంభైలలో మళ్లీ ఉద్యమం లేచినప్పుడు దాన్ని లేపింది పెద్ద పార్టీలు కావు. 1997లో భువనగిరి సభ, అదే సంవత్సరం డిసెంబరులో మన వరంగల్ డిక్లరేషన్, ఆ తరువాత తెలంగాణ జనసభ. ఎన్నికలలో డిపాజిట్ కూడా లెక్కపెట్టుకోని చిన్న చిన్న గుంపులు, కళాకారులు, లెక్చరర్లు, విద్యార్థులు. ఆ రోజుల్లో భువనగిరిలో నూలు మిల్లులో పనిచేసిన బెల్లి లలిత పాట పాడితే జనం కదిలేవాళ్లు. 1999 మే 26న ఆమెను చంపారు, శరీరాన్ని 17 ముక్కలు చేశారు. ఆమె వెనుక పెద్ద పార్టీ లేదు, ఆమె కోసం అసెంబ్లీని స్తంభింపజేసే సభ్యులు లేరు. ఇది రాస్తున్నప్పుడు నాకు చెయ్యి ఆడదు. చిన్న పార్టీలో తలుపు తెరిచి ఉంటుందని పైన రాశాను. తలుపు తెరిచి ఉన్న ఇంటికి కాపలా కూడా ఉండదని లలిత సంగతి చెబుతుంది. ఆడవాళ్లను ముందుకు పంపే చిన్న సంస్థలు వాళ్ల రక్షణకు ఏం చేస్తాయో చెప్పాలని అడిగే హక్కు మనకు అక్కడి నుంచే వస్తుంది.

2001 ఏప్రిల్ 27న జలదృశ్యంలో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టినప్పుడు అది కూడా చిన్న పార్టీయే. ఎన్నాళ్లుంటుందని నవ్వినవాళ్లు ఎంతమంది! ఎవరు ఎన్నాళ్లు చిన్నగా ఉంటారో ఎవరూ చెప్పలేరు. 1984లో దేశం మొత్తం మీద రెండే లోక్‌సభ స్థానాలు గెలిచిన భారతీయ జనతా పార్టీకి అందులో ఒకటి మన హనుమకొండే ఇచ్చింది, అదీ పి.వి. నరసింహారావును ఓడించి. ఆ పార్టీ రాజకీయాలతో నాకు ఏ పేచీ ఉందో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. లెక్క కోసం మాత్రమే చెబుతున్నాను. చిన్నవాళ్లు పెద్దవాళ్లవుతారు. పెద్దయ్యాక ఆడవాళ్లతో ఎట్లా ఉంటారన్నది చిన్నగా ఉన్నప్పుడే రాయించుకోవాలి.

రాయించుకోకపోతే ఏమవుతుందో 2014లో చూశాం. జూన్ 2న ఏర్పడిన కొత్త రాష్ట్రం తొలి మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి లేదు. తరువాత విస్తరణలోనూ లేదు. 2018 ఎన్నికల దాకా లేదు. రెండోసారి గెలిచాక కూడా తొమ్మిది నెలలు ఆగి, 2019 సెప్టెంబరులో సబితా ఇంద్రారెడ్డిని, మన ఉమ్మడి వరంగల్ బిడ్డ సత్యవతి రాథోడ్‌ను తీసుకున్నారు. అంటే బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిన ప్రభుత్వం, ఆ బతుకమ్మ ఎత్తినవాళ్లలో ఒక్కరినీ మంత్రిని చేయకుండా అయిదేళ్లు దాటించింది. 2018లో 119 మంది శాసనసభ్యులలో ఆడవాళ్లు 6 మంది. 2023లో 10 మంది. "పెరిగింది కదా" అని సంబరపడేవాళ్లకు నేనేం చెప్పగలను! చట్టసభలలో మూడో వంతు స్థానాల చట్టం 2023లో పార్లమెంటులో గెలిచింది, అమలు మాత్రం జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తరువాతేనని అందులోనే రాశారు. "తెలంగాణ వచ్చినంక చూద్దాం" అన్న మాట విన్నవాళ్లం కాబట్టి "తరువాత" అనే మాట మనకు కొత్తకాదు.

కాజీపేట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఊరు రైలు మీద బతికిన ఊరు. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే పెద్ద లైను, సికింద్రాబాద్ లైను కలిసే జంక్షన్ కాబట్టి ఇక్కడ పట్టాల మీద కూర్చుంటే దేశానికి తెలుస్తుంది. ఈ ఊరికి కోచ్ ఫ్యాక్టరీ అన్నారు, ఎనభైలలో అది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 2014 విభజన చట్టంలో దాన్ని మళ్లీ పరిశీలిస్తామని రాశారు. 2023 జులైలో ప్రధానమంత్రి వచ్చి వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశాడు. ఈ నలభై ఏళ్ల ఆశ మీద ప్రతి చిన్న పార్టీ ఇక్కడ ఒక దీక్షా శిబిరం వేసింది. రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లు, ఫాతిమానగర్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, దర్గా దగ్గర పూలమ్మే ఆడవాళ్లు ఆ శిబిరాలలో కూర్చున్నారు. కోచ్ ఫ్యాక్టరీ వస్తే అందులో ఆడవాళ్లకు ఎన్ని ఉద్యోగాలని ఏ శిబిరంలోనైనా అడిగారా? నేనున్న శిబిరాలలో మేం అడిగితే "ముందు ఫ్యాక్టరీ రానీ అమ్మా" అన్నారు.

2009 డిసెంబరు తరువాత మూడేళ్లు ఉద్యమం రోడ్డు మీదే నడిచింది. సకల జనుల సమ్మె 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగింది. అందులో మగవాళ్లు చేసిన పనికి పేర్లున్నాయి. రైల్ రోకో, రాస్తా రోకో, పెన్ డౌన్. ఆడవాళ్లు చేసిన పనికి ఒక పేరు పెట్టారు, వంటా వార్పు. చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యి పెట్టి వండి పెట్టడం. దాన్ని నేను చిన్నచూపు చూడను. వంటింటిని నడిరోడ్డు మీదకు తెచ్చి రాజ్యం ముందు పెట్టడంలో ఒక తెగువ ఉంది, దానిలో మేం సంతోషపడ్డాం కూడా. కానీ ఆ అన్నం తిని ఉపన్యాసం చెప్పి పోయినవాళ్లు ఎవరు, గిన్నెలు తోమినవాళ్లు ఎవరు అన్న ప్రశ్న రోడ్డు మీద కూడా ఇంట్లో ఉన్నట్టే ఉండిపోయింది. మైకు అందలేదు, గరిటె మాత్రం అందింది.

దీని ఫలితం పన్నెండేళ్లకు తెలిసింది. 2023 ఎన్నికలలో గెలిచిన కాంగ్రెస్, తెలంగాణ ఉద్యమకారులకు 250 చదరపు గజాల ఇంటి స్థలం ఇస్తామని మాట ఇచ్చింది. డిసెంబరు 28 నుంచి జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. ఆ దరఖాస్తులో ఉద్యమకారుల గడి ఒకటి ఉంది. ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం రాయాలి. జైలుకు పోతే ఏ జైలు, ఎన్నాళ్లు రాయాలి. మా వాడలో ఆడవాళ్లకు దరఖాస్తులు నింపుతూ ఆ గడి దగ్గర నేను ప్రతిసారీ ఆగవలసి వచ్చింది. "నేను ఉన్న గదమ్మా, మూడు సంవత్సరాలు ఉన్న. చౌరస్తల వండిన, పట్టాల మీద కూసున్న. రాయి" అన్నది ఒక పెద్దామె. ఏం రాయాలి? పోలీసులు వచ్చినప్పుడు ఆడవాళ్లను వ్యాన్ ఎక్కించుకొని పోయి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, కాగితం లేకుండా వదిలేసేవాళ్లు. అప్పట్లో దాన్ని దయ అనుకున్నారు. కేసులయిన మగవాళ్లకేమో వాటి బాధ వేరు. రైల్వే కేసులు రాష్ట్రం ఎత్తేస్తే పోయేవి కావు. పెద్ద నాయకుడి మీద 2011లో పెట్టిన రైల్ రోకో కేసే 2024లో హైకోర్టు స్టే దాకా నడిచింది. కేసున్నవాడికి కోర్టు చుట్టూ తిరుగుడు, కేసు లేని ఆడదానికి ఉద్యమంలో ఉన్నట్టే లెక్క లేకపోవడం. "ఉద్యమకారుడు" అనే మాటలోనే మగవాడు కూర్చొని ఉన్నాడు, గడిలో కూడా వాడే కూర్చున్నాడు.

సాక్ష్యం కోసం పాత కాగితాలు వెతికాం. అప్పట్లో ఇక్కడ పనిచేసి ఆ తరువాత పెద్ద పార్టీలో కలిసిపోయిన ఒక చిన్న పార్టీ (పేరు ఎందుకు, ఇప్పుడది లేదు) మినిట్స్ పుస్తకం ఒకరి ఇంట్లో దొరికింది. సమావేశానికి వచ్చిన మగవాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా వరుసగా ఉన్నాయి. ఆ కింద ప్రతి పేజీలో ఒకే మాట, "మరియు మహిళా కార్యకర్తలు". పుస్తకమంతా తిప్పినా ఒక్క ఆడపేరు లేదు. ఆ పార్టీ కలిసిపోయినప్పుడు దాని మగవాళ్లలో కొందరికి మండల పదవులు వచ్చాయి. పేరే లేనివాళ్లకు పదవి ఎట్లా ఇస్తారు?

విలీనాలు తెలంగాణలో ఎన్ని జరిగాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆలె నరేంద్ర తెలంగాణ సాధన సమితి టీఆర్‌ఎస్‌లో కలిసింది. దేవేందర్ గౌడ్ 2008లో పెట్టిన నవ తెలంగాణ పార్టీ మరుసటి ఏడాదే ప్రజారాజ్యంలో కలిసింది. ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసింది. ఆడవాళ్లు పెట్టిన పార్టీల సంగతి వేరుగా ఉంటుందనుకుంటే అదీ లేదు. విజయశాంతి 2005లో తల్లి తెలంగాణ పెట్టింది, 2009లో టీఆర్‌ఎస్‌లో కలిపి మెదక్ ఎంపీ అయింది. షర్మిల 2021లో పెట్టిన పార్టీ 2023 ఎన్నికలలో పోటీ చేయలేదు, 2024 జనవరిలో కాంగ్రెస్‌లో కలిసింది. ఆ వెంటనే ఆమె పక్క రాష్ట్రంలో ఆ పార్టీ అధ్యక్షురాలు అయింది. ఆమె పాదయాత్ర వెంట నడిచిన తెలంగాణ ఆడవాళ్లు ఏమయ్యారు? ఆమె ఆడమనిషి కాబట్టి మనం మాట్లాడకూడదని ఒక మొహమాటం మన సంఘాలలో ఉంది. నాకు ఆ మొహమాటం లేదు. నాయకురాలు స్త్రీ అయినంత మాత్రాన పార్టీలో స్త్రీల మాట చెల్లుతుందని ఎవరు చెప్పారు? ఒక్కరి ఇష్టంతో పుట్టి ఒక్కరి ఇష్టంతో కలిసిపోయే పార్టీ, నాయకుడు ఎవరైనా, దొరల గడీ వంటిదే.

ఇది మన ఒక్కళ్ల కథే కాదు. ఆఫ్రికాలో నైజీరియా బ్రిటిష్ వాళ్ల కింద ఉన్నప్పుడు అబెయొకుటా అనే పట్నంలో ఫున్మిలాయో రాన్సమ్ కుటి అనే ఉపాధ్యాయురాలు బజారులో అమ్ముకునే ఆడవాళ్లను కూడగట్టింది. ఆడవాళ్ల మీద వేసిన పన్నుకు వ్యతిరేకంగా వేలమందితో రాజు కోట ముందు కూర్చుంది. 1949 జనవరిలో ఆ రాజు గద్దె దిగి ఊరు విడిచిపోవలసి వచ్చింది. 1947లో స్వాతంత్ర్యం అడగడానికి లండన్ పోయిన ఎన్‌సీఎన్‌సీ అనే పెద్ద పార్టీ ప్రతినిధి బృందంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. అంతటి మనిషికి 1959 ఎన్నికలలో అదే పార్టీ టికెట్ ఇవ్వలేదు. స్వతంత్రంగా నిలబడితే ఓట్లు చీల్చి ఎదుటి పార్టీని గెలిపించిందన్నారు, బహిష్కరించారు. ఆమె కామనర్స్ పీపుల్స్ పార్టీ అని ఒక చిన్న పార్టీ పెట్టుకుంది, అది ఎక్కువ కాలం నిలవలేదు. ఓట్లు చీల్చిందన్న మాట వినగానే మీకు ఎవరైనా గుర్తుకు వస్తున్నారా?

అదే దేశంలో ఉత్తరాన ఇంకో సంగతి జరిగింది. అక్కడి పాలక పార్టీ ఆడవాళ్లకు ఓటు వద్దన్నది. ఓటు ఇవ్వాలని అడిగింది అమీను కానో నాయకత్వంలోని నెపు అనే చిన్న ప్రతిపక్ష పార్టీ. గాంబో సవాబా అనే స్త్రీ ఆ పార్టీలో పనిచేసి మళ్లీ మళ్లీ జైలుకు పోయింది. 1960 అక్టోబరు 1న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఉత్తర నైజీరియా ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది 1976లో. చిన్న పార్టీ అడిగింది, పెద్ద పార్టీలు స్వాతంత్ర్యం పంచుకున్నాయి, మధ్యలో పదహారేళ్లు. చిన్న పార్టీలు దండగ అనేవాళ్లు ఈ పదహారేళ్లను ఏ ఖాతాలో రాస్తారు? ఆ పార్టీ లేకపోతే ఆ డిమాండు ఉన్నట్టు కూడా రికార్డు ఉండేది కాదు.

ఇక స్వచ్ఛంద సంస్థల స్నేహితులతో ఒక మాట. "మాకు విదేశీ విరాళాల లైసెన్సు ఉంది, రాజకీయం మాట్లాడకూడదు" అంటారు. మీ ఇబ్బంది నాకు తెలుసు, జీతాలు ఆగితే ఎంతమంది ఫీల్డ్ వర్కర్లు రోడ్డున పడతారో కూడా తెలుసు. సంస్థ డబ్బు ఏ పార్టీకీ పోకూడదు, సరే. కానీ మీరు కూడగట్టిన పొదుపు సంఘాల ఆడవాళ్లను అధికార పార్టీ సభలకు బస్సులలో తోలుకుపోయేటప్పుడు అది రాజకీయం కాదా? అప్పుడు ఎవరి లైసెన్సు గుర్తుకు రాలేదు. పెద్ద పార్టీ సభకు పోతే ప్రభుత్వ కార్యక్రమం, చిన్న పార్టీ సభకు పోతే రాజకీయం అనే ఈ తేడా మనం ఒప్పుకోకూడదు. పార్టీ లేకుండానే ఆడవాళ్లు ఒక ప్రభుత్వం మెడలు వంచిన సంగతి మరిచామా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా తెచ్చింది. దాని పేరు మీద ఓట్లు వేయించుకున్న పార్టీయే 1997లో దాన్ని ఎత్తివేసింది. ఎత్తివేసేటప్పుడు దూబగుంటను ఎవరూ అడగలేదు. రాయించుకోలేదు కాబట్టి అడగవలసిన అవసరం వాళ్లకు లేకపోయింది. పార్టీ బయట ఉంటే సురక్షితం అనుకునేవాళ్లకు కూడా ఇదే జవాబు.

కాబట్టి మన సంఘాల దగ్గరకు రేపు ఏ చిన్న పార్టీ వచ్చి "అమ్మా, మీ మహిళలను పంపండి" అన్నా, పంపము అని నేను అనను. పంపుదాం. కానీ ముందు వాళ్ల సభ్యత్వ పుస్తకం మన ముందు పెట్టమందాం. అందులో ఆడవాళ్ల పేర్లు ఉన్నాయా, రసీదు వాళ్ల పేరు మీద ఉందా, భర్త పేరు మీద ఉందా చూద్దాం. పార్టీని ఇంకో పార్టీలో కలపాలంటే సభ్యురాళ్ల వేరు సమావేశం పెట్టి, వాళ్ల ఓటు లెక్కపెట్టి, ఆ లెక్క అచ్చు వేసి చూపాలని వాళ్ల నియమావళిలో రాయించుకుందాం. కలిస్తే అడగబోయే షరతులలో ఆడవాళ్ల షరతులు ఏవో కలవకముందే బయటపెట్టాలి. ఊరేగింపులో అరెస్టయిన ఆడమనిషికి కాగితం ఇప్పించే బాధ్యత, కేసయితే వకీలును పెట్టే బాధ్యత పార్టీది. పార్టీ కలిసిపోయినా మన సంఘం కలవదు. మన సంఘం జెండా, రసీదు పుస్తకం, బ్యాంకు ఖాతా మన దగ్గరే ఉంటాయి. ఇది మరీ ఎక్కువ అడగడమని ఎవరైనా అంటే, 1971లో ఎంత తక్కువ అడిగామో వాళ్లకు చెప్పండి.

మగ కార్యకర్తలు కొందరు ఇది చీలిక తెచ్చే మాట అంటారు. ఉద్యమం నడుస్తున్నప్పుడు ఇట్లాంటి లెక్కలు తీయడం శత్రువుకు బలం ఇవ్వడమేనని నా ముఖం మీదే అన్నవాళ్లున్నారు. సరే అన్నా, ఉద్యమం నడవనప్పుడు తీస్తామంటే అప్పుడు మీరు ఎక్కడ దొరుకుతారు? పెద్ద పార్టీ ఆఫీసు ముందు చిట్టీ పంపి రెండు గంటలు కూర్చోవాలి మేము.

మా కాజీపేటలో ఆ పేర్ల పని ఇప్పుడు మేమే మొదలుపెట్టాం. వంటా వార్పులో ఉన్నవాళ్లు, పట్టాల మీద కూర్చున్నవాళ్లు, వ్యాన్ ఎక్కి సాయంత్రం తిరిగివచ్చినవాళ్లు ఎవరో, ఒకరికి ఒకరు సాక్ష్యం చెప్పగా ఒక పెద్ద లెడ్జరు పుస్తకంలో రాస్తున్నాం. తేదీ గుర్తులేని చోట పండుగ గుర్తు పెట్టుకొని, దసరాకు ముందా తరువాతా అని అడిగి రాస్తున్నాం. చనిపోయినవాళ్ల పేర్లు కోడళ్లు వచ్చి చెబుతున్నారు. ఇంటిపేరు పుట్టింటిది రాయాలా, అత్తింటిది రాయాలా అన్న దగ్గర రెండు ఆదివారాలు గడిచిపోయాయి. చివరికి రెండూ రాయడానికి గళ్లు పెద్దవిగా గీసుకున్నాం.